శిఖరం మీది పేరు

మా పామీరు కొండకి ప్రభుత్వం ఇప్పటికి మూడు పేర్లు పెట్టింది. మొదట ఓ నాయకుడి పేరు. ఆయన పరువు పోయాక పార్టీ మహాసభ పేరు. పార్టీయే పోయాక 'ఐక్యతా శిఖరం'. ఊళ్లో వాళ్లం మాత్రం ఎప్పుడూ 'ముసల్దాని పన్ను' అనే అంటాం.

మూడో పేరు చెక్కిన ఇనప రేకుని ఏళ్ల కిందట మంచు దాటి మోసుకెళ్లి, కొండ కొసన బిగించి రమ్మని పంపింది షోద్మన్‌ని. తిరిగొచ్చాక అతన్ని పెద్ద గైడుని చేశారు. ఆ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది.

ఈ వేసవిలో రాజధాని నుంచి కమోల్ దిగాడు. పేరు మోసిన పర్వతారోహకుడు. ఒంటరిగా ఎక్కుతాడట.

"పైన మన రేకు ఉందో లేదో కూడా చూసిరా," అని జిల్లా ఛైర్మన్ పురమాయించాడు.

షోద్మన్ మధ్యలో అందుకున్నాడు.

"అక్కడి గాలి మామూలుది కాదు సార్. ఎగిరిపోయినా పోయుండొచ్చు."

"ఆరు మేకులు కొట్టానన్నావుగా?"

"కొట్టాననుకోండి..."

"అయితే ఉంటుంది. లేకపోతే నీ ఉద్యోగమూ ఉండదు."

కమోల్ వెళ్లాడు. కొండని మబ్బు కప్పేసింది. షోద్మన్‌కి ఉప్పు టీ కూడా సయించలేదు.

"ఎంతసేపు అలా పైకి చూస్తావ్? మెడ పట్టేస్తుంది," అంది భార్య నిసో.

"పోయేది మెడ కాదే, నౌకరీ!"

చివరికి కమోల్ దిగి వచ్చాడు. పెదాలు పగిలిపోయాయి. బడి ముందు ఊరంతా మూగింది.

"రేకు?" అన్నాడు ఛైర్మన్.

"ఉంది సార్! చెక్కు చెదరలేదు. వంగి ముద్దుపెట్టుకున్నాను. కెమెరా గడ్డకట్టింది గానీ నా కళ్లు గడ్డకట్టలేదుగా!"

చప్పట్లు మారుమోగాయి. కమోల్ మెడలో పతకం పడింది. అతను నేరుగా వచ్చి షోద్మన్‌ని వాటేసుకున్నాడు.

"ఏం బిగించావు బాబాయ్! ఆరు మేకులూ అలాగే ఉన్నాయి."

షోద్మన్ అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి నిసో పిండి పిసుకుతోంది.

"ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా?"

"ఉంది," అంటూ షోద్మన్ తందూరు మూతని పటకారుతో ఎత్తి గోడకి ఆనించాడు. ఇన్నేళ్ల మసిలో కూడా దాని మీద చెక్కిన 'ఐక్యతా శిఖరం' అన్న అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి.