కంచు జడలు

మా పేట బ్రిక్స్‌టన్ కూడలిలో నేను చేసిన కంచు విగ్రహం మీది ముసుగు లాగగానే జనం చప్పట్లు కొట్టారు. వ్యోమగామి దుస్తుల్లో నల్లజాతి స్త్రీ. నెత్తికి అంటి అల్లిన సన్నజడలు నక్షత్రాల దారుల్లా మెరుస్తున్నాయి.

“ఇవి మా అమ్మ జడలు. ఆఫ్రికా నుంచి గొలుసులతో ఓడెక్కించిన మా ముత్తవ్వలకి మిగిలిన ఆస్తి ఇవే,” అన్నాను మైకులో.

అందరూ అమ్మ కోసం వెనక్కి తిరిగారు. చివరి వరసలో ఉంది, తిన్నని వెంట్రుకల విగ్గు పెట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది. దగ్గరికెళ్ళి, “ఇవాళ కూడా ఆ విగ్గేంటమ్మా? తీసెయ్, ఫొటో తీస్తారట,” అన్నాను.

“నీ పదో ఏట బడి గేటు దగ్గర నువ్వే అన్నావు కదే షెవోన్, నీ స్నేహితుల ముందుకి ఆ జడలతో రావొద్దని. మళ్ళీ ఎప్పుడైనా అలా వచ్చానా?”

కెమెరా అతను వచ్చేశాడు.

అమ్మ విగ్గు సర్దుకుంటూ, “వంకరగా లేదు కదా?” అంది.