పదిహేడో టేకు

పదిహేడోసారి కూడా ఎలీషా చావనన్నాడు.

"మాత్రలు మింగు గురూ! నీ జీవితకథలో అలాగే ఉంది," హాలు గోడమీది తెరకేసి అరిచాడు ఎలీషా మేనేజర్ వర్ధన్.

"ఆ పుస్తకం రాసింది నువ్వు. నేను మాత్రలు మింగలేదురా," అన్నాడు తెరమీది ఎలీషా.

చనిపోయిన గాయకులు ఇప్పుడు తమ సినిమాల్లో తామే నటిస్తున్నారు. బతికుండగా వాళ్ల ఫోన్లు విన్న ప్రతి మాటతోనూ తయారైన నకళ్లు వాళ్లు. చావు సీనుకు మాత్రం భార్య వేలిముద్ర కావాలి.

ఎలీషా భార్య రూతు అదే హాల్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటోంది. తను ముద్ర వేస్తే, రాక్ గాయకుడు ఎలీషాది ఆత్మహత్యేనని లోకం ఖాయం చేసుకుంటుంది. పాపని బళ్లో ఇప్పటికే ఆ మాటతో ఏడిపిస్తున్నారు.

"నకలులో ఏదో లోపం. బాగుచేయిస్తా. నువ్వు ముద్ర వేసెయ్యమ్మా," అన్నాడు వర్ధన్.

రూతు లేచి తెర ముందుకు వచ్చింది. కచేరీకి ముందు ఎలీషా మిరియాల పాలు తప్ప ఇంకేదీ తాగేవాడు కాదు. అతను పోయిన రోజు ఆమె పంపిన ఫ్లాస్కు నిండుగా తిరిగొచ్చింది. మూడేళ్లుగా ఆమెను తినేస్తున్న ప్రశ్న అదే.

"నా పాలెందుకు తాగలేదయ్యా?"

"తాగాను కదే. నువ్వు పంపావనే గ్లాసులో తెచ్చిచ్చాడు. చేదుగా ఉన్నాయంటే, మిరియాలు ఎక్కువయ్యాయిలే అన్నాడు."

వర్ధన్ ముఖం పాలిపోయింది. గొంతు సహజంగా రావాలని ఎలీషా చివరిగా వాడిన ఫోన్‌ను నకళ్లు తయారుచేసే కంపెనీకి ఇచ్చింది అతనే. ఆ రోజు కూడా అది వింటూనే ఉందని మరిచిపోయాడు. తెర ఆపేయడానికి చెయ్యి చాచాడు. రూతు అడ్డంగా నిలబడింది.

"ఎవరిచ్చారయ్యా? పేరు చెప్పు."

"ఇంకెవరే? మన వర్ధన్."