ఆకాశంలో పరువు

"అది కిరసనాయిలు గరాటు. మామగారు ఏ సంతలోనో కొనుక్కొచ్చి ఉంటారు," అన్నాడు బావ, కాలు మీద కాలేసుకుంటూ.

ఈ ఇంటి అల్లుడైన నాటి నుంచీ ఆయనది అదే పాట. ఇంటాయన కూడా అప్పట్నుంచీ పళ్ళు నూరుతూనే ఉన్నాడు. కానీ ఈవేళ సంగతి తేలిపోవాలి. యుద్ధ విమానాల మ్యూజియం నుంచి వచ్చినావిడ ఎదురుగా సోఫాలో కూర్చుని చేతులకు తెల్ల తొడుగులు వేసుకుంటోంది. అది అసలైనదేనని ఆవిడ ఒక్క మాట అంటే పైలట్‌గా పనిచేసిన తండ్రి గుర్తు మ్యూజియం ఎక్కుతుంది. కాదంటే మాత్రం బావ నోరు మూయించడం ఇక ఈ జన్మకి సాధ్యం కాదు.

టీవీ పైనున్న అద్దాల పెట్టెలోంచి ఇంటాయన దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు పైకి తీశాడు. దోసెడంత వెడల్పు మూతి, కింద సన్నటి మెడ, ఆ మెడకు గట్టిపడిపోయిన రబ్బరు గొట్టం ముక్క. తోమి తోమి మెరుపు తెప్పించారు.

"మాటల గొట్టమండీ ఇది," అన్నాడు. "ఇంజను హోరులో ముందు సీటు మాట వెనక సీటుకి వినపడదు కదా. మా నాన్నగారు ఇందులోంచే హుకుం జారీ చేసేవారు. మా ఇంట్లో ఏ మంచి కబురైనా సరే, ఇందులోంచే చెప్పుకుంటాం. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో నిలబడి నేను..." అంటూ అలవాటు కొద్దీ దాన్ని నోటికి ఆనించుకోబోయాడు.

మ్యూజియం ఆవిడ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. "నోటికి వద్దండీ. పాత వస్తువు కదా."

"పాతదైతేనేం, భేషుగ్గా పనిచేస్తుంది," అన్నాడు బావ. "గరాటేనని నిరూపించడానికి ఓసారి దీంతో సీసాలోకి నీళ్ళు పోసి, ఆ నీళ్ళు గటగటా తాగి మరీ చూపించాను. ఒక్క చుక్క ఒలికితే ఒట్టు."

మ్యూజియం ఆవిడ బావ నోటి వంక ఓసారి చూసింది. భూతద్దం తీసి మూతి అంచు కింద వెతికింది. అక్కడ చెక్కిన అంకెల్ని వేలితో తడిమింది.

"విమానంలో ఇది ఎక్కడుండేదో మీ నాన్నగారు చెప్పారా?"

"సీటు కింద కొక్కేనికి తగిలించుకునేవారట."

"సీటు కింద పెట్టుకుని మాట్లాడ్డమేమిటోయ్, ఎవరితో?" అన్నాడు బావ. కిటికీ పక్కన బట్టలు మడతపెడుతున్న ఇంటాయన అమ్మ ముఖం అటు తిప్పుకుంది. ఆవిడ భుజాలు కొద్దిగా కదిలాయి.

మ్యూజియం ఆవిడ భూతద్దం కింద పెట్టింది. "ఇది అసలైనదే. యుద్ధ విమానంలోదే."

ఇంటాయన ఛాతీ జానెడు పొంగింది.

"గరాటు కూడా నిజమే," అందావిడ.

బావ మీసం సవరించుకున్నాడు. ఇన్నేళ్ళ తగాదాలో ఇద్దరూ ఒకేసారి గెలవడం అదే మొదలు. ఎవరి విజయం వాళ్ళు చూసుకుంటూ ఉండిపోయారు, మరి ఆ గరాటు దేనికని అడగాలన్న ఆలోచనే ఇద్దరికీ రాలేదు.

"మాటల గొట్టాలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి," అంటోంది ఆవిడ. "ఇలాంటిది ఒక్కటీ లేదు. పైలట్లు గడియారాలు దాచుకున్నారు, కళ్ళజోళ్ళు దాచుకున్నారు. దీన్ని పదిలంగా దాచుకున్న మనిషి గురించి వినడం ఇదే మొదటిసారి. హాలు మధ్యలో గాజుపెట్టెలో పెడతాం. కింద కార్డు మీద ఆయన పేరు రాస్తాం."

ఇంటాయనకు కళ్ళు చెమర్చాయి. "పేరుతో పాటు ఆయన మాట కూడా రాయండి. దీన్ని ఎవరికి చూపించినా ఒకటే అనేవారు. 'ఆకాశంలో నా పరువు నిలబెట్టింది ఇదే' అని."

ఆవిడ కలం ఆగిపోయింది. "ఆ మాట వద్దేమోనండీ. ఇదేమిటో తెలిసినవాళ్ళు చదివితే నవ్వుతారు."

"మా నాన్న మాటకి నవ్వుతారా?" ఇంటాయన చివాలున లేచాడు. గరాటు తీసుకుని గుండెకి హత్తుకున్నాడు. "అయితే మీ మ్యూజియమూ వద్దు, గాజుపెట్టే వద్దు. మా టీవీ మీదే ఉంటుంది."

"అంతేమరి," అన్నాడు బావ, కాలు దించి నిటారుగా కూర్చుంటూ. "మామగారి మాట లేకుండా గరాటు గడప దాటదు."

అమ్మ బట్టలు పక్కన పెట్టి లేచి వచ్చింది. కొడుకు చేతిలోంచి గరాటు తీసుకుని మ్యూజియం ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"రాయమ్మాయ్, అక్షరం మార్చకుండా రాయి. నవ్వేవాళ్ళని నవ్వనీ. ఆయన జన్మలో అబద్ధం ఆడలేదు."

"ఇదేమిటో నీకు తెలుసా అమ్మా?" అన్నాడు ఇంటాయన తెల్లబోయి.

"తెలియకేం. దీని పుణ్యమా అనే నాకు ఆయనతో పెళ్ళయింది," అంది అమ్మ, పక్కన భర్త నిలబడి ఉన్నంత గర్వంగా. "గంటల తరబడి గాల్లోనే ఉండి, దిగీ దిగగానే అదే యూనిఫాంతో తిన్నగా నన్ను చూడ్డానికి మా ఇంటికొచ్చారు. ఒంటికి వెళ్ళడానికి సీటు కింద ఈ గరాటు ఉండబట్టే కదుట్రా, మీ నాన్న మా నాన్న ముందు పొడి ప్యాంటుతో నిలబడ్డారు."