ఏడు నొక్కక్కా

సరిగ్గా తొమ్మిదికి ఫోన్ మోగింది. కంప్యూటర్ మెకానిక్ మంచం మీద నుంచే ఎత్తాడు. ఇంకెవరు చేస్తారు, అక్కే.

"తమ్ముడూ, మీ బావ పెట్టె మళ్ళీ మూగబోయిందిరా."

"షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టు."

"కొట్టాను. నీలం తెర వచ్చింది."

అతను లేచి కూర్చున్నాడు. తెర మీద వరసగా ఏమేం వస్తాయో, వేటిని నొక్కాలో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "ఇప్పుడు ఏడు నొక్కక్కా."

గొంతు ఆపరేషన్ తర్వాత బావకి మాట పోయింది. ఆయన టైప్ చేస్తే కంప్యూటర్‌కి తగిలించిన పెట్టె పలుకుతుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పెట్టెని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌కి డిజిటల్ సంతకం లేదు. సంతకం లేనిదాన్ని కంప్యూటర్ గడప తొక్కనివ్వదు. ఏడు నొక్కితే ఆ తనిఖీ ఆగుతుంది. రాత్రి కట్టేసి పొద్దున వేస్తే కథ మళ్ళీ మొదటికే.

తనిఖీ శాశ్వతంగా తీసేస్తానంటే అక్క ఒప్పుకోలేదు. వైరస్‌లు దూరతాయని భయమట. ఇరవై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషికి ఒక్క ఏడు గుర్తుండదు. విడ్డూరం కాకపోతే ఏమిటి?

అయినా అతనికి విసుగు రాలేదు. భార్య పోయిన ఈ ఐదు నెలల్లో అతనికి ఏదీ రాలేదు, ఏడుపుతో సహా. షాపు షట్టర్ ఎత్తలేదు. అక్క ఫోన్ తప్ప ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఇదీ ఎత్తకపోతే బావ రోజంతా నోరు లేకుండా కూర్చోవాలి మరి.

"బతికించావు బావమరిదీ," అని ఫోన్‌లో పెట్టె పలికింది. అప్పుడు మంచం దిగి మొహం కడుక్కున్నాడు.

మర్నాడు ఎనిమిదిన్నరకి ఫోన్ కాస్తా చేయి జారి బకెట్లో పడింది. తుడిచాడు, ఊదాడు, ఎండలో పెట్టాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

తొమ్మిదైంది. తొమ్మిదీ పది. పాపం, బావ తెర ముందు కూర్చుని ఎదురుచూస్తూ ఉంటాడు. చేతికందిన చొక్కా తొడుక్కుని, ఎన్నాళ్ళకో వీధిలోకి వచ్చాడు. ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ నాలుగు వీధులు దాదాపు పరుగెత్తాడు. మెట్లెక్కేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. తలుపు ఓరగా తీసి ఉంది.

లోపల అక్క ఫోన్ చెవికి పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఎంతసేపటికీ కలవడం లేదండీ," అంది.

బావ వేళ్ళు కీబోర్డు మీద టకటకలాడాయి, పెట్టె ఎప్పటిలాగే ఏ భావమూ లేకుండా పలికింది: "మళ్ళీ చెయ్యి, ఏడు నొక్కమని చెప్పే పని కూడా లేదనుకుంటే మీ తమ్ముడు ఇంక మంచం దిగడు."