శీతలశాల తలుపు

ఆ రోజుల్లో వేసవి వస్తే రెంటచింతల ఊరంతా నేలకింద కట్టిన శీతలశాలలోనే బతికేది. ఆ మధ్యాహ్నం కరెంటు సగానికి పడిపోవడంతో కాపలాదారు పిల్లల్ని మాత్రమే లోపలికి పంపుతున్నాడు. వరుసలో తల్లి పక్కన నిలబడ్డ కెజియా ఒళ్ళు ఎండకి కాలిపోతోంది.

"అమ్మా, భూమి వేడెక్కకుండా పొగ తగ్గిద్దామని ఎనకటే దేశాలన్నీ కూర్చున్నాయంట. టీచరమ్మ చెప్పింది. సంతకాలకాడ పెద్ద దేశాలు ఎప్పటిలోగా తగ్గించాలన్న గడువే తీసేయించాయంట. ఎందుకమ్మా?"

"అప్పుడాళ్ళకి చల్లగానే ఉండుంటదిలే," అంది సువార్తమ్మ.

వాళ్ళ వంతు వచ్చింది. "నువ్వూ రా" అంటూ పిల్ల తల్లి చెయ్యి వదల్లేదు. సువార్తమ్మ ఆ వేళ్ళు విడిపించి, కూతుర్ని లోపలికి తోసి, తలుపు మూయమని తనే చెప్పింది.

తర్వాత ఎక్కడికీ నడవలేక ఆ తలుపుకే ఆనుకుని కూర్చుంది. లోపలి నుంచి కెజియా తలుపు తడుతుంటే, ఇవతలి నుంచి తనూ తట్టింది. కాసేపటికి లోపలి చప్పుడు ఒక్కటే మిగిలింది.