అడక్కుండా

నేను టీ తాగి వచ్చేలోపు కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ అయి కూర్చుంది. పదేళ్లుగా పనిచేస్తున్న ప్రింటర్ ఎవరో ఇప్పుడు దానికి తెలియదట. పదింటికి ఇవ్వాల్సిన ఇంటి ప్లాను తెరుచుకోవడమే లేదు.

“ఛీ, నా ఇంట్లో, నా వస్తువును, నన్నడక్కుండా మార్చడానికి వాళ్లెవరు? చూస్తుంటేనే రోత పుడుతోంది,” అన్నాను.

మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని జాకెట్టు చేత్తో కుడుతోంది.

“అది వారం నుంచి అడుగుతూనే ఉందిగా. తర్వాత, తర్వాత అని నొక్కింది మీరే.”

“అడిగితే సరిపోతుందా? ఒప్పుకునేదాకా ఆగొద్దూ?”

ఆవిడ దారం కొరికింది.

“ఈ కంప్యూటర్ పెట్టిన చోటే నా కుట్టుమిషన్ ఉండేది. నేను ఊరెళ్లి వచ్చేసరికి మీరు ఎవరికో ఇచ్చేశారు. అడగనైనా లేదు.”