కోలాటం జడలో ముడి

“ఆపండప్పా!” అని, పాడుతూ తానూ ఒక తాడు పట్టి ఆడుతున్న గురువు చిక్కమునియప్ప కేక వేశాడు. నడుమ గుంజ నుంచి దిగిన ఎనిమిది తాళ్లతో అల్లుతున్న కోలాటం జడ ముడిపడి బిగుసుకుంది. రేపే యలహంకలో ఆట.

అందరి కళ్లూ ఏలియా మీదికే పోయాయి. మిల్లు మోతకు చెవులు పోయినవాడు. పాట వినపడదు, పక్కవాళ్ల కోల తగిలినప్పుడల్లా అడుగు వేస్తాడు.

“నేను పాడితే అత్తిబెలె సంతలో ఎద్దులు కూడా కొమ్ములూపుతా అడుగు కలిపినాయి. ఈయప్ప కలపలేడు! ఎస్తేరమ్మా, మీ ఆయన్ని ఇంటికి పిల్చుకొని పో,” అన్నాడు చిక్కమునియప్ప.

“అంత మాట అనొద్దప్పా!” ఏలియా భార్య అడ్డం వచ్చింది. “ఏడాదిగా మూల కూర్చున్న మనిషి, ఈ ఆటకొచ్చినాకే నవ్వుతా ఉండాడు. ఇప్పుడు పంపిస్తే మళ్లా గడప దాటడు. ఎవరు తప్పినారో ముందు జడ విప్పి చూడు.”

జడ విప్పాలంటే వేసిన అడుగులన్నీ వెనక్కి వేయాలి. తప్పినవాడి తాడే విడకుండా మిగులుతుంది. పాట లేకుండా అందరూ వెనక్కి నడిచారు. ఒక్కో తాడూ విడింది. ఏలియాదీ విడింది.

మిగిలింది చిక్కమునియప్ప చేతిలోని తాడే.

ఎద్దుల్ని ఆడించిన మనిషి ఆ తాడు వంకా, తన కాళ్ల వంకా చూసుకున్నాడు. ఏలియా ఎప్పుడు తప్పుతాడా అని వాని కాళ్లనే చూస్తూ, తన అడుగు తానే మరిచాడు.

ఈ గొడవేదీ వినని ఏలియా నవ్వుతూ వచ్చి, పెద్దాయన మోచెయ్యి పట్టుకుని సరైన చోట నిలబెట్టాడు.

చిక్కమునియప్ప ఏలియా భార్య వైపు తిరిగాడు.

“ఎస్తేరమ్మా, రేపు నేను ఈయప్ప పక్కన ఆడొచ్చునా? నువ్వే సైగ చేసి అడుగమ్మా.”